‘అమెరికన్ ఇడియట్’ విషయంలో ఎవరి మాట నమ్మాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. అమెరికాకు చెందిన గ్రీన్ డే బ్యాండ్ 2004లో తెచ్చిన ‘అమెరికన్ ఇడియట్’ ఆల్బమ్ విందామనుకుని, ముందుగా విన్నవాళ్ల అభిప్రాయాలు చదివారు. ఒకరు అది తమ తరానికి గొంతునిచ్చిందన్నారు. ఇంకొకరు రాజకీయం పైపైన పూసుకున్న పాప్ సంగీతం అన్నారు. మరొకరు అసలు అది పంకే (రాక్ సంగీతంలో వేగంగా, మోటుగా, ధిక్కారంగా ఉండే శైలి) కాదన్నారు. ఎవరి మాట నమ్మాలి, ఆ ఆల్బమ్‌లో నిజంగా రాజకీయం ఎంత ఉంది అని అడిగారు.

వాళ్లలో అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. కాకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు విషయాల గురించి మాట్లాడారు. ఒకరు తమ పదహారో ఏట విన్న రికార్డు గురించి, ఒకరు రేడియోలో మోగిన మూడు నిమిషాల పాట గురించి, ఒకరు ఆ బ్యాండ్ పాత చరిత్ర గురించి. పాతికేళ్లకు పైగా పంక్ వింటున్నాను, విన్నవాళ్లతో వాదిస్తున్నాను. ఈ ఆల్బమ్‌లోని 57 నిమిషాలనూ వరసగా విని, ఆ మొత్తం గురించి అభిప్రాయం చెప్పినవాళ్లు నాకు తక్కువ మందే కనిపించారు. నేనూ మొదట అలా వినలేదు. మొదటి పాట విని, ఇది కేకలు తప్ప మరేమీ కాదని తేల్చేసి పక్కన పెట్టాను. చివరిదాకా విన్నది ఏడాది తరవాత. అప్పుడు నా తీర్పు తలకిందులైంది. ఎందుకైందో కింద రాస్తాను.

ముందు ఆ కాలం గురించి. అమెరికా 2003 మార్చిలో ఇరాక్ మీద దండెత్తింది. సైన్యంతో పాటు ప్రయాణించిన విలేకరులు ఎడారి నుంచే ప్రత్యక్ష ప్రసారాలు చేశారు. మే 1న అధ్యక్షుడు జార్జ్ బుష్ ఒక విమానవాహక నౌక మీద నిలబడి, ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించాడు. ఆ తరవాత కూడా సైనికులు చనిపోతూనే ఉన్నారు. యుద్ధం మొదలయ్యే ముందు డిక్సీ చిక్స్ అనే కంట్రీ (అమెరికా గ్రామీణ శైలి సంగీతం) బృందం లండన్‌లో కచేరీ చేస్తూ, బుష్ తమ టెక్సస్ రాష్ట్రం వాడైనందుకు సిగ్గుపడుతున్నామని ఒక్క మాట అంది. దానికే కంట్రీ రేడియో స్టేషన్లు వాళ్ల పాటలు ఆపేశాయి. కొన్నిచోట్ల జనం వాళ్ల సీడీలు పోగేసి ధ్వంసం చేశారు. పేరున్న కళాకారులు నోరు విప్పడానికి జంకిన రోజులవి. ఆ రోజుల్లో ఈ ఆల్బమ్‌ను విన్నవాళ్ల అభిప్రాయం చదువుతున్నప్పుడు ఆ భయాన్ని మనసులో ఉంచుకోండి. 2020లో మొదటిసారి విన్న కుర్రవాడికి “ఇందులో అంత ధైర్యం ఏముంది?” అనిపించడం సహజమే. ఆ వేడి పాటల్లోనే లేదు, చుట్టూ ఉన్న గాలిలో కూడా ఉండేది.

బ్యాండ్ పరిస్థితి కూడా ఏమంత బాగాలేదు. 1994లో వచ్చిన ‘డూకీ’ ఒక్క అమెరికాలోనే కోటికి పైగా ప్రతులు అమ్ముడైంది. 2000లో వచ్చిన ‘వార్నింగ్’ అందులో చిన్న భాగం మాత్రమే అమ్ముడుపోయింది. 2003లో కొత్త ఆల్బమ్ దాదాపు పూర్తయ్యాక దాని మాస్టర్ టేపులు (అసలు రికార్డింగులు) దొంగతనానికి గురయ్యాయి. వాళ్లు ఆ పాటలనే మళ్లీ రికార్డు చేయకుండా, నిర్మాత రాబ్ కావలోతో మాట్లాడుకుని అంతా కొత్తగా మొదలుపెట్టారు. ఒకరోజు బేస్ గిటార్ వాయించే మైక్ డర్న్ట్ స్టూడియోలో ఒంటరిగా కూర్చుని ముప్ఫై సెకన్ల పాట ఒకటి చేశాడు. గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ దానికి ఇంకో ముక్క అతికించాడు, డ్రమ్మర్ ట్రే కూల్ మరో ముక్క. ఆ ఆటలోంచే ఒక్కొక్కటి 9 నిమిషాలు దాటే రెండు పాటలు, వాటి చుట్టూ ఒక కథ పుట్టాయి. 2004 సెప్టెంబరులో ఆల్బమ్ విడుదలై మొదటి వారమే 2,67,000 ప్రతులతో అమెరికా పట్టికలో ఒకటో స్థానానికి వెళ్లింది. ఆ బ్యాండ్‌కు ఆ స్థానం అదే మొదటిసారి.

ఇక అభిప్రాయాల సంగతి. అన్నిటికంటే పాతది, అన్నిటికంటే చేదుగా ఉండేది “వీళ్లు అమ్ముడుపోయారు” అన్నది. దీని మూలం ఈ ఆల్బమ్‌లో లేదు. కాలిఫోర్నియాలోని బర్కిలీలో, గిల్మన్ వీధి 924వ నంబరులో స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే ఒక చిన్న పంక్ వేదిక ఉంది. 1986 చివరి రోజున మొదలైంది. గ్రీన్ డే పెరిగింది అక్కడే. పెద్ద రికార్డు కంపెనీలతో ఒప్పందం ఉన్న బ్యాండ్లకు అక్కడ చోటు లేదన్నది అప్పట్లో ఆ వేదిక నియమం. గ్రీన్ డే రిప్రైజ్ అనే పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకోగానే ఆ తలుపులు మూసుకుపోయాయి. ఆ గాయం గురించి వాళ్లు 1995లో ఒక పాట కూడా రాసుకున్నారు. మళ్లీ ఆ వేదిక మీద నిలబడి వాయించడానికి 2015 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు కూడా అది ఇతరుల సహాయార్థం చేసిన కచేరీ.

గిల్మన్ నియమాన్ని తేలికగా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. సంగీతాన్ని ఎవరు నడుపుతున్నారు, టికెట్టు ధర ఎవరు పెడుతున్నారు, తలుపు దగ్గర ఎవరు నిలబడుతున్నారు అన్నవి పంక్‌లో అసలైన రాజకీయ ప్రశ్నలు. పాటలో ప్రభుత్వాన్ని తిట్టడం కంటే ఈ పనులు కష్టం. అందుకే ఒక పెద్ద కంపెనీ ముద్రతో వచ్చిన తిరుగుబాటు పాటను ఆ శ్రోతలు నమ్మలేకపోవడం నాకు అర్థమవుతుంది. 2004లోనే ఫ్యాట్ రెక్ కార్డ్స్ అనే స్వతంత్ర సంస్థ ‘రాక్ అగైన్‌స్ట్ బుష్’ పేరుతో రెండు సంకలనాలు తెచ్చింది. కుర్రవాళ్ల చేత ఓటు వేయించాలన్నది దాని ఉద్దేశం. రెండో సంకలనంలో గ్రీన్ డే పాట కూడా ఉందన్న సంగతి చాలామంది విమర్శకులకు గుర్తుండదు. అయినా సరే, ఎవరైనా ఈ కారణంతో ఆల్బమ్‌ను తిరస్కరిస్తే ఆ తిరస్కారానికి విలువ ఉంది. అయితే అది బ్యాండ్ నడవడిక మీద తీర్పు. పాటలు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలనుకునే మీకు దానివల్ల ఉపయోగం తక్కువ.

రెండో అభిప్రాయం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. “రాజకీయం పలచన” అన్నది. దీన్ని చెప్పేవాళ్లలో మంచి చెవి ఉన్నవాళ్లు చాలామంది. వాళ్ల వాదన ఇది: ఆల్బమ్ మొత్తంలో బుష్ పేరు ఒక్కసారి కూడా రాదు, ఇరాక్ పేరు రాదు. మొదటి పాటలో టీవీని, భయాన్ని, ప్రచారాన్ని తిడతారు తప్ప ఎవరు ఏం చేశారో చెప్పరు. పంక్‌లో అంతకుముందు అలా ఉండేది కాదంటారు. ఉదాహరణకు శాన్‌ఫ్రాన్సిస్కో బృందం డెడ్ కెన్నెడీస్ 1979లో తమ మొదటి పాటలోనే అప్పటి కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్‌ను పేరుపెట్టి ఎక్కుపెట్టింది. రీగన్ అధ్యక్షుడయ్యాక, 1981లో, అదే పాటను అతని మీదికి మార్చి మళ్లీ రికార్డు చేసింది. ఇంత సూటిదనం ‘అమెరికన్ ఇడియట్’లో ఎక్కడుంది?

మొదటి పాట వరకు ఆ విమర్శ నిజమే. నా దృష్టిలో ఈ ఆల్బమ్‌లో రాజకీయంగా అన్నిటికంటే బలహీనమైనది ఆల్బమ్ పేరే పెట్టుకున్న ఆ పేరు పాటే. ట్యూన్ ఒక్కసారికే పట్టేస్తుంది, గిటార్ తుపాకీలా పేలుతుంది, అయితే “నేను వాళ్లలాంటి మూర్ఖుణ్ని కాను” అని చెప్పుకోవడంలో వినేవాడికి ఖర్చు ఏమీ లేదు. ఏ పక్షం వాడైనా పిడికిలి ఎత్తి పాడుకోవచ్చు. అందులో ఇంకో చిక్కు కూడా ఉంది. స్వలింగ సంపర్కులను కించపరిచే ఒక తిట్టును గాయకుడు తనకు తానే తగిలించుకుంటాడు. తాను ద్విలింగ ఆకర్షణ ఉన్నవాడినని ఆర్మ్‌స్ట్రాంగ్ 1995లోనే బహిరంగంగా చెప్పాడు కనుక అక్కడ ఆ మాటకు అర్థం వేరు. అయినా అది తెలియక, లేదా తెలిసీ, నేటి శ్రోతలు కొందరు అక్కడ ఇబ్బంది పడుతున్నారు. వాళ్లను అతి సున్నితులని కొట్టిపారేయడం సరికాదు.

అయితే మూడో పాట ‘హాలిడే’ దగ్గర ఆ విమర్శ నిలవదు. ఆ పాట మధ్యలో సంగీతం తగ్గి, చట్టసభలో కాలిఫోర్నియా ప్రతినిధికి మాట్లాడే అవకాశం ఇస్తున్నట్టుగా ఒక ప్రకటన వస్తుంది. తరవాత ఆ ప్రతినిధి గొంతులో వచ్చే మాటల్లో, ప్రభుత్వాన్ని విమర్శించేవాళ్ల ఈఫిల్ టవర్లను పొడి చేయమని ఉంటుంది. దీన్ని అతిశయోక్తి అనుకుని దాటేసేవాళ్లు 2003లో జరిగింది మరిచిపోయారు. ఇరాక్ యుద్ధానికి ఫ్రాన్స్ ఒప్పుకోలేదన్న కోపంతో అమెరికా ప్రతినిధుల సభ భోజనశాలల్లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరును ఫ్రీడమ్ ఫ్రైస్‌గా మార్చారు. ఆ పాట ఎక్కుపెట్టింది సరిగ్గా ఆ మనస్తత్వం మీద. పేర్లు లేకపోయినా ఆ రోజు తేదీ అందులో స్పష్టంగా ఉంది. ఆ గుర్తును పట్టుకున్న శ్రోతకు ‘హాలిడే’ పలచగా అనిపించదు.

నా తీర్పు మార్చింది మాత్రం ఆ పాట కూడా కాదు. రెండో పాట ‘జీసస్ ఆఫ్ సబర్బియా’, దాని తరవాత నడిచే కథ. అయిదు భాగాల ఆ పాటలో ఒక కుర్రవాడు ఉన్నాడు. శీతల పానీయాలు, రిటాలిన్ (ఏకాగ్రత లోపానికి పిల్లలకు ఇచ్చే మందు) మాత్రలు అతని ఆహారం. ఒక దుకాణం ముందున్న పార్కింగ్ స్థలం అతని బడి. గోడల మీది రాతలు అతని పవిత్ర గ్రంథం. ఆకలి లేదు, యుద్ధం ఇంటి ముందుకు రాలేదు, అయినా బతుకులో పట్టుకోవడానికి ఏమీ లేదు. టీవీ నిండా బాంబులు పడుతున్న దేశంలో, ఊరి శివారు ఇళ్ల వరసల్లో పెరుగుతున్న ఆ ఖాళీతనాన్ని ఇంత దగ్గరగా చూపిన పంక్ పాట ఆ ఏడాదిలో నాకు మరొకటి తెలియదు. ఇది విధానాల గురించిన వాదన కాదు కనుక రాజకీయం కాదనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఎటువంటి ఇళ్లలోంచి కుర్రవాళ్లు సైన్యంలోకి, మత్తులోకి, దేనిలోకైనా సరే వెళ్లిపోవడానికి సిద్ధమవుతారో చూపించడం రాజకీయమే.

ఆ కుర్రవాడు ఇల్లు వదిలి నగరానికి వెళతాడు. అక్కడ సెయింట్ జిమ్మీ అనేవాడు ఎదురవుతాడు. నిప్పులాంటి కోపం, తనను తాను కాల్చుకునే కోపం. ఒక అమ్మాయి కూడా ఎదురవుతుంది, ఆమెకు కథలో సరైన పేరు ఉండదు, ‘వాట్సర్‌నేమ్’ అంటే ‘ఆమె పేరేదో’ అనే అర్థం. ఆమెది కూడా తిరుగుబాటే, కానీ నమ్మిన దాన్ని పట్టుకుని నిలబడే తిరుగుబాటు. కుర్రవాడు జిమ్మీ వైపు జారతాడు. ‘లెటర్‌బాంబ్’ పాటలో ఆమె అతనికి నిజం చెప్పి వెళ్లిపోతుంది. ఆ పాట మొదట్లో వినిపించే ఆడగొంతు కేథలీన్ హన్నాది. తొంభైలలో బికినీ కిల్ బృందంతో పంక్‌లో స్త్రీల తిరుగుబాటుకు ముందు నడిచిన గాయని ఆమె. కుర్రవాడి డాంబికాన్ని ఎత్తిచూపే చోట ఆమె గొంతునే పెట్టడం నాకు ఎంతో నచ్చిన ఎంపిక. తరవాత ‘హోమ్‌కమింగ్’లో జిమ్మీ చనిపోతాడు. కుర్రవాడు ఒక కార్యాలయంలో కాగితాలు నింపుతూ కనిపిస్తాడు. చివరికి ఇంటికి తిరిగి వస్తాడు.

చూడండి, మొదటి పాటలో “నేను మీలాంటివాణ్ని కాను” అని అరిచినవాడు పన్నెండో పాటకు వచ్చేసరికి ఫారాలు నింపుతున్నాడు. ఆల్బమ్ తన కోపాన్ని తానే అనుమానించింది. ఆ కోపం ఎక్కడికి పోతుంది, ఎవరిని కాలుస్తుంది, చివరికి ఏం మిగులుతుంది అని అడిగింది. నినాదాల రికార్డు అని తీర్పు చెప్పినవాళ్లు చాలావరకు ఈ రెండో సగాన్ని వినలేదని, లేదా విని ప్రేమకథ అనుకుని వదిలేశారని నా నమ్మకం. అట్ట మీద నల్లటి నేపథ్యంలో ఒక తెల్లని పిడికిలి, అందులో గుండె ఆకారంలో ఎర్రని గ్రెనేడు ఉంటుంది. గుండె, గ్రెనేడు ఒకే వస్తువు అక్కడ. వాటిని విడదీసి, రాజకీయ పాటలు ఒక పక్క, ప్రేమ పాటలు ఒక పక్క పెట్టి మార్కులు వేస్తే ఈ ఆల్బమ్ చేతికి చిక్కదు.

ఇప్పుడు శ్రోతల అభిప్రాయాలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం. ‘వేక్ మీ అప్ వెన్ సెప్టెంబర్ ఎండ్స్’ అనే పాట ఉంది. అది యుద్ధం గురించి రాసింది కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ తండ్రి 1982 సెప్టెంబరులో క్యాన్సర్‌తో చనిపోయాడు. అప్పటికి కొడుక్కు పదేళ్లు. ఆ దుఃఖం గురించి ఇరవై ఏళ్లు దాటాక రాసుకున్న పాట. కానీ సెప్టెంబరు అన్న మాట వినగానే అమెరికన్ శ్రోతలు 2001 సెప్టెంబరు 11ను తలచుకున్నారు. 2005లో దానికి తీసిన వీడియోలో ఒక యువకుడు ప్రేయసిని వదిలి సైన్యంలో చేరి ఇరాక్ వెళతాడు. దానితో అది యుద్ధం పాటైంది. అదే ఏడాది ఆగస్టు చివర కత్రినా తుపాను న్యూ ఓర్లీన్స్‌ను ముంచేసింది. సహాయం అందక జనం ఇళ్ల కప్పులెక్కి ఎదురుచూసిన ఆ సెప్టెంబరులో, వార్తల దృశ్యాలకు ఈ పాటను జోడించిన వీడియో ఒకటి ఇంటర్నెట్‌లో విస్తృతంగా తిరిగింది. మరుసటి ఏడాది ఆ నగరపు స్టేడియం మళ్లీ తెరిచిన రోజున గ్రీన్ డే, యూటూ బృందాలు కలిసి వేదిక ఎక్కినప్పుడు ఈ పాటలోని చరణం కూడా వినిపించింది.

ఒక పిల్లవాడి దుఃఖం మూడు జాతీయ విషాదాలను మోసింది. దీన్ని కొందరు శ్రోతలు తప్పుపడతారు: పాటకు లేని అర్థం అంటగట్టారని, బ్యాండ్ దాన్ని సొమ్ము చేసుకుందని. వీడియో విషయంలో ఆ అసంతృప్తి కొంత నాకూ ఉంది. అందులోని నాటకీయత పాటలోని నిశ్శబ్దాన్ని తొక్కేసింది. కానీ న్యూ ఓర్లీన్స్ దృశ్యాలకు ఆ పాటను జోడించింది బ్యాండ్ కాదు, రికార్డు కంపెనీ కాదు. వినేవాళ్లు తమకు కావలసిన చోట తీసుకుని వాడుకున్నారు. ఈ ఆల్బమ్ మొత్తంలో రాజకీయంగా అన్నిటికంటే దూరం వెళ్లిన పాట, రాజకీయం గురించి ఒక్క మాట కూడా లేని పాట కావడం గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

“ఇంత చేసి సాధించింది ఏముంది, 2004 నవంబరులో బుష్ మళ్లీ గెలిచాడు కదా?” అనే అభిప్రాయం కూడా మీకు తరచు కనిపిస్తుంది. దాని మీద ఎక్కువ సమయం పెట్టను. ఆరు వారాల ముందు విడుదలైన పదమూడు పాటలు ఎన్నికలను మార్చాలని ఆశించడం పాటల మీద అన్యాయమైన బరువు. బుష్ గెలిచాక కూడా జనం ఈ ఆల్బమ్ కొంటూనే ఉన్నారు, అది 2005లో ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ కూడా తెచ్చుకుంది.

“అమెరికా వ్యతిరేకత” అనే ఆరోపణ వేరు. దాన్ని వినదగ్గ రూపంలో చెప్పింది ద కిల్లర్స్ అనే అమెరికన్ రాక్ బృందం గాయకుడు బ్రాండన్ ఫ్లవర్స్. 2005 జూన్‌లో ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో రెండు రోజుల పాటు గ్రీన్ డే భారీ కచేరీలు చేసి చిత్రీకరించింది. అమెరికన్లు కాని వేలమంది చేత ఆ పేరు పాట పాడించి దాన్ని అమ్మడం లెక్కలు వేసుకుని చేసిన పని అని అతను ఆక్షేపించాడు. నేను ఆ దృశ్యం చాలాసార్లు చూశాను. ఇంగ్లండు జనం ఆ పల్లవిని ఉత్సాహంగా అరుస్తున్నప్పుడు నాకూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. తమ దేశం కూడా అదే యుద్ధంలో ఉందని వాళ్లకు ఆ క్షణంలో గుర్తుందా అనిపిస్తుంది. కానీ అదే కచేరీలో ‘హాలిడే’కు ముందు ఆర్మ్‌స్ట్రాంగ్ జనానికి ఒక మాట స్పష్టంగా చెప్పాడు. ఈ పాట అమెరికాకు వ్యతిరేకం కాదు, యుద్ధానికి వ్యతిరేకం అని. ఫ్లవర్స్ చూసిన ప్రమాదం నిజమైనదే. గాయకుడికి కూడా అది తెలుసు కాబట్టే ఆ మాట చెప్పవలసి వచ్చింది.

“ఇది పంక్ కాదు” అన్నది నాకు అంత ఆసక్తి కలిగించని వాదన. తొమ్మిది నిమిషాల పాటలు, పియానో, కథ, పాత్రలు ఉన్నాయి కనుక పంక్ కాదంటారు. ఈ నిర్మాణం డెబ్బైలకు ముందే ద హూ అనే బ్రిటిష్ బృందం చేసిన రాక్ ఒపేరాల (ఒకే కథను వరస పాటల్లో చెప్పే ఆల్బమ్‌ల) నుంచి వచ్చింది, ఆ అప్పు బ్యాండ్ దాచలేదు. 2009లో బర్కిలీలో రంగస్థలం మీదికి, 2010లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేకి వెళ్లింది కూడా ఆ నిర్మాణం వల్లనే. పేరు ఏది పెట్టినా పాటలు మారవు.

ఆల్బమ్‌తో పాటు పెరిగినవాళ్ల అభిప్రాయాలు మరో జాతి. అవి చదివితే సంగీతం గురించి కంటే ఒక గది గురించి, ఒక స్నేహితుడి గురించి, మొదటిసారి అమ్మానాన్నలతో రాజకీయాల మీద గొడవపడిన రాత్రి గురించి ఎక్కువ ఉంటుంది. విమర్శకులు వీటిని జ్ఞాపకాల మోజు అని పక్కన పెడతారు. నేను పెట్టను. వార్తలు చూస్తూ ఏదో తప్పుగా ఉందని అనుకుంటున్న పధ్నాలుగేళ్ల పిల్లకు, ఆ అనుమానం తనొక్కదానిదే కాదని మొదటిసారి తెలిపింది ఈ రికార్డే అని చాలామంది రాశారు. వాళ్లలో కొందరు దీని వెనక ఉన్న దారి పట్టుకుని డెడ్ కెన్నెడీస్‌కు, బికినీ కిల్‌కు, చిన్న చిన్న స్వతంత్ర సంస్థల రికార్డులకు చేరారు. గిల్మన్ వాళ్ల కోపం ఎంత న్యాయమైనదో, ఈ చేరిక కూడా అంత నిజం. రెండిటినీ ఒకేసారి మనసులో ఉంచుకోవడం కష్టమే, అయినా ఉంచుకోవాలి.

ఆ పేరు పాటను నేను బలహీనమైనది అన్నాను కదా. దానికి ఇంకో వైపు ఉంది. 2018 జులైలో ట్రంప్ బ్రిటన్ పర్యటనకు వెళ్లినప్పుడు దాన్ని అక్కడి పాటల పట్టికలో పైకి తేవాలని శ్రోతలే ఒక ఉద్యమం నడిపారు. 2023 చివరి రాత్రి టీవీలో నూతన సంవత్సర వేడుకల్లో పాడుతూ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్క మాట మార్చి, ట్రంప్ అనుచరుల నినాదాన్ని అందులో పెట్టాడు. మర్నాటికి దేశమంతా తగవు. ఇరవై ఏళ్లుగా ఆ పాట ఎవరి గురించో ఇప్పుడే తెలిసినట్టు కోపగించుకున్నవాళ్లు కూడా కనిపించారు. డెడ్ కెన్నెడీస్ 1981లో చేసిన పనే ఇది: అధ్యక్షుడు మారితే మాట మార్చడం. పేర్లు లేకపోవడం లోపమని 2004లో అన్నాం. ఖాళీగా వదిలిన ఆ చోటే తరవాత కొత్త పేర్లకు సరిపోయింది. లోపం లోపంగానే ఉంది, కాని దానివల్లే పాట బతికింది కూడా.

కాబట్టి మీరు అభిప్రాయాలు చదివేటప్పుడు రెండు విషయాలు వెతకండి. రాసినవారు దీన్ని ఏ ఏడాది, ఏ వయసులో విన్నారు? వాళ్లు ఏ పాట గురించి మాట్లాడుతున్నారు? మొదటి పాట, ‘బౌలెవార్డ్ ఆఫ్ బ్రోకెన్ డ్రీమ్స్’ ఈ రెండు తప్ప మరే పాట పేరూ రాకపోతే అది రేడియో మీద అభిప్రాయం, ఆల్బమ్ మీద కాదు. ‘లెటర్‌బాంబ్’ గురించో ‘హోమ్‌కమింగ్’ గురించో ఒక్క వాక్యం ఉన్నా, మెచ్చుకున్నా తిట్టినా, ఆ మనిషి మాట వినండి. నేను చదివిన వాటిలో అత్యంత పదునైన విమర్శ కూడా ఆ రకం శ్రోత నుంచే వచ్చింది. కథలో ఆ అమ్మాయికి పేరు కూడా ఇవ్వకపోవడం, ఆమెను కుర్రవాడి ఎదుగుదలకు మెట్టుగా వాడుకోవడం ఈ ఆల్బమ్‌లోని అసలైన రాజకీయ వైఫల్యం అని ఆమె రాసింది. నేను ఇప్పటికీ దానికి పూర్తి సమాధానం చెప్పలేను.

వినేటప్పుడు పాటల వరస మార్చకండి. పాటల మాటలు ఎదురుగా పెట్టుకోండి. మొదటి పాట నచ్చకపోతే ఆగిపోవద్దు, రెండో పాట అయిదు భాగాలూ పూర్తయ్యే దాకా ఉండండి. మధ్యలో ‘ఎక్స్‌ట్రార్డినరీ గర్ల్’ దగ్గర కొంచెం నీరసం వస్తుంది, అది మీ తప్పు కాదు, ఆల్బమ్‌లో సడలిన చోటు అదే. చివరి పాట ‘వాట్సర్‌నేమ్’ చిన్నగా, దాదాపు గొణుగుడులా మొదలవుతుంది. ఏళ్లు గడిచాక అతనికి ఆమె ముఖం గుర్తుంది, పేరు గుర్తుకు రావడం లేదు. యుద్ధం లేదు, టీవీ లేదు, నినాదం లేదు. ఆ పాట అయిపోయాక మొదటి పాటను వెంటనే ఇంకోసారి పెట్టి చూడండి. నాకు అప్పటికి అది వేరే పాటలా వినిపించింది. మీకు ఎలా వినిపిస్తుందో రాయండి, ఎదురుచూస్తాను.